మన ఊరు ఏ పటంలో ఉంది?

ఆటపాటల మధ్య ఈ భూమి కాగితాల గోల ఏందని అనుకోకండి, కొద్దిసేపే మాట్లాడతాను.

2022లో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అదే మన కుడా, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ల్యాండ్ పూలింగ్ తలపెట్టింది. రైతులు రోడ్డెక్కారు. మే నెలలోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పంట పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌గా చూపించారు. అక్కడి రైతులు ధర్నాతో ఆగలేదు. అభ్యంతరాలు రాసిచ్చారు, హైకోర్టుకూ వెళ్లారు. 2023 జనవరి 20న కౌన్సిలే ఆ ప్లాన్ వద్దని తీర్మానం చేసింది.

ముసాయిదా అంటే ఇంకా ఖరారు కానిది. అభ్యంతరాలకు గడువు ఉంటుంది. మనోళ్లకు సంగతి తెలిసేది ఆ గడువు దాటాకే, అదే నా బాధ. గడువులోపే సర్వే నంబరు వేసి దరఖాస్తు ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. రేపు కోర్టుకు పోతే 'అప్పుడు అభ్యంతరం చెప్పారా?' అని అడుగుతారు. నోటిమాటకు రసీదు ఉండదు కదా!

ఇంకో సంగతి. 'మనకు 1/70 ఉంది, భయం లేదు' అని చాలామంది ధీమా. ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలోనే నడుస్తుంది. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఉంది. వరంగల్ చుట్టూ ఉన్న మైదాన తండాలకు లేదు. ఇద్దరూ ఎస్టీలే, భూమికి రక్షణ మాత్రం వేరు. మంగపేట మండలంలో 23 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్న వ్యాజ్యం ఏండ్ల తరబడి సాగింది ఇందుకే. అవి ఐదో షెడ్యూల్ కిందివేనని 2023 జులైలో హైకోర్టు తేల్చింది. ఆ పటంలో ఉంటే భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం అడుగుతుంది. సర్కారు భూమినైనా ప్రైవేటు కంపెనీకి గని లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో చెప్పింది. పటం బయట ఉన్న తండాకు అభ్యంతర పత్రమే మొదటి ఆయుధం.

ఇంటికి పోయాక నాయన దాచిన పాస్‌బుక్ తీసి సర్వే నంబరు రాసుకోండి. పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎట్లా రాయాలో తెలియనివాళ్లు ఆగండి, భోజనాలయ్యాక ఇక్కడే కూర్చొని రాద్దాం.