ఆగమన కాలం

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలమే ఆగమన కాలం. నవంబర్ 30కి దగ్గరి ఆదివారంతో మొదలవుతుంది కనుక ఒక ఏడు 22 రోజులే ఉంటుంది, మరో ఏడు 28. హైదరాబాద్‌లో కతోలిక, సీఎస్ఐ సంఘాలు రెండూ దీన్ని పాటిస్తాయి. బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరుస్తారు. అది పశ్చాత్తాపానికి గుర్తు. పచ్చని ఆకుల వలయంలో వారానికొక కొవ్వొత్తి వెలుగుతుంది.

ఈ కాలంలో ఎక్కువగా వినిపించే పేరు, మారుమనస్సు పొందమని బోధించిన స్నాపక యోహానుది. ఏం చేయాలని జనం అడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు. మారుమనస్సుకు ఇంతకంటే సూటి వివరణ లేదు. అందుకే కతోలికులు గురువు వద్ద పాపసంకీర్తనం చేస్తారు, అంటే తమ పాపాలు ఒప్పుకుంటారు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడికైతే, అలిగిన తమ్ముడి తలుపు తట్టడమూ క్రిస్మస్‌కు సిద్ధపాటే. డిసెంబర్ 24 సాయంత్రంతో ఈ కాలం ముగుస్తుంది.