గుర్రం కుంటు - కారణాన్వేషణ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల పాఠశాల పండుగలో గుర్రం కుంటును గురించిన ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. జట్కా బండ్ల కాలం ఎరిగిన పెద్దలకు గుర్రం కొత్త కాదు. అయితే ఆ గుర్రం ఒకనాటి ఉదయం హఠాత్తుగా కుంటితే కారణం ఎలా కనుగొనాలన్నది చాలామందికి తెలియదు. ఆ విధానం అందరూ తెలిసికోదగినది.

అశ్వవైద్యం భారతదేశంలో అతి ప్రాచీనమైన విద్య. శాలిహోత్రుని పేరిట సంస్కృతంలో అశ్వశాస్త్రం వెలసింది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే మారుపేరుతో గుర్రాల సంరక్షణకు కుదిరిన కథ తెలుగు భారతం చదివినవారందరికీ పరిచితమే. నోరులేని జీవి బాధను గుర్తించే నేర్పు రాజకుమారునికి సైతం తగినదని పెద్దలు భావించారన్నమాట.

నిన్నటి సాయంకాలం వరకు చక్కగా బండి లాగిన గుర్రం తెల్లవారేసరికి కుంటుతున్నదనుకోండి. యజమానికి అదొక్కటే జీవనాధారం. భుజం పట్టిందని ఒకరంటారు. దిష్టి తగిలిందని మరొకరంటారు. బద్ధకమని వేరొకరు కొరడా అందుకొంటారు. నూనె మర్దనలతో రెండు మూడు దినాలు గడిచిపోతాయి. ఇంతమందిలో ఒక్కరూ కాలు ఎత్తి అడుగుభాగం చూసి ఉండరు. కుంటు స్వయంగా వ్యాధి కాదు. ఎక్కడో ఉన్న బాధకు అది సాక్ష్యం మాత్రమే. సాక్ష్యాన్ని విచారించకుండా తీర్పు చెప్పడమే మొదటి పొరపాటు.

విచారణలో తొలి ప్రశ్న, బాధ ఏ కాలిలో ఉన్నదని. గుర్రం కాలు మోపగలిగిన స్థితిలో ఉంటే, గట్టి సమతల నేలపై పగ్గం వదులుగా పట్టుకొని, తిన్నగా కొంత దూరం చిన్న పరుగున నడిపించి చూడాలి. ముందరి కాలిలో నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకెత్తుతుంది. మంచి కాలు తాకినప్పుడు తల దించుతుంది. తల దించిన వైపే నొప్పి ఉన్నదని భ్రమపడేవారు చాలామంది. నిజానికి అది బరువును మంచి కాలిమీదికి మార్చుకొంటున్నది. వెనుక కాలిలో నొప్పి ఉంటే తుంటి భాగపు ఎగుడుదిగుడు కదలికను బట్టి గుర్తించవచ్చు. శరీరపు బరువులో సుమారు 60 శాతం ముందరి కాళ్లే మోస్తాయి గనుక కుంటు వాటిలోనే ఎక్కువగా కనబడుతుంది. బొత్తిగా కాలు మోపలేని గుర్రాన్ని మాత్రం నడిపించరాదు. ఎముక విరిగి ఉండవచ్చు.

రెండవ ప్రశ్న, బాధ కాలిలో ఏ చోట ఉన్నదని. ఇక్కడ పరీక్ష క్రిందినుండి పైకి సాగాలి. హఠాత్తుగా వచ్చిన కుంటుకు మూలం అనేక సందర్భాలలో గిట్టలోనే ఉంటుంది. గిట్టను శుభ్రం చేసి రాయి, మేకు, గాజుపెంకు దిగినదేమో చూడాలి. లాడం ఎప్పుడు కొట్టించారో అడగాలి. మేకు లోపలి సున్నితమైన భాగానికి దగ్గరగా దిగితే కొద్ది దినాలలోనే కుంటు మొదలవుతుంది. తరువాత గిట్టపై చేయి ఉంచి వేడిని, శీలమండ వెనుక ఇరుప్రక్కలా నాడిని పరీక్షించాలి. ఆరోగ్యవంతమైన గుర్రానికి అక్కడ నాడి మందంగా తెలుస్తుంది. గిట్టలో తాపం ఉంటే బలంగా కొట్టుకొంటుంది. ప్రతి పరీక్షను ఎదుటి కాలితో పోల్చి చూడడం ముఖ్యం.

గిట్టలో చీము పట్టడం ఈ కుంటుకు తరచు కనబడే కారణం. గిట్ట గోడ మన గోరువలె గట్టిది. లోపల చీము చేరినప్పుడు అది ఉబ్బి చోటివ్వదు. ఒత్తిడి పెరిగి, ఎముక విరిగిందేమో అన్నంత బాధ కలుగుతుంది. పశువైద్యుడు ఆ చోటు కనిపెట్టి కొద్దిగా చెక్కి చీము వెడలనిస్తే, ఒకటి రెండు దినాలలోనే గుర్రం కాలు మోపడం తరచు చూసేదే. రెండు ముందరి కాళ్లూ వేడెక్కి, గుర్రం బరువునంతా వెనుకకు వాల్చి కదలనని మొరాయిస్తే, అది గిట్ట లోపలి పొరల తాపం కావచ్చు. ధాన్యం అమితంగా తిన్న తరువాత ఇది రావడం కద్దు. మోకాలి క్రింద కాలి వెనుకభాగం వాచి వేడిగా ఉంటే స్నాయువు దెబ్బతిన్నదని అనుమానించాలి.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. గిట్టలో మేకు కనబడితే, వైద్యుడు త్వరలో రాగల పక్షంలో తొందరపడి పెరకరాదు. ఎంత లోతుకు, ఏ దిక్కుకు దిగినదో ఎక్స్‌రే ద్వారా తెలిసికొనే వీలు పోతుంది. గుర్రం దానిపై అడుగు వేయకుండా మాత్రం కాపాడాలి. గుర్రాలకు ధనుర్వాతం సులభంగా సోకుతుంది గనుక టీకా విషయం వైద్యునికి చెప్పాలి. పరీక్షకు ముందే నొప్పి మాత్ర వేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. ఇక గాయంతోనో, అశక్తతతోనో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

అమెరికాలో 2006 మే నెలలో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో అనే గుర్రం, రెండు వారాలకే మరో పందెంలో వెనుక కుడికాలు విరుగగొట్టుకొన్నది. శస్త్రచికిత్సతో ఆ ఎముకలు అతుక్కోసాగాయి. కాని ఆ సమయంలో అదనపు బరువు మోసిన ఎడమ కాలి గిట్టకు తాపం సోకింది. తరువాత ముందరి కాళ్లకూ అదే గతి పట్టింది. 2007 జనవరి 29న దానికి బాధావిముక్తి కలిగించవలసి వచ్చింది. ఒక కాలి బాధను మిగిలిన కాళ్లు ఎల్లకాలం మోయలేవు. అందుకే ఆలస్యం ప్రమాదకరం.

చక్కగా చదువుతూ వచ్చిన బిడ్డ హఠాత్తుగా వెనుకబడినప్పుడు సోమరి అనే మాట కొరడావలెనే తేలికగా చేతికందుతుంది. నల్లబల్లపై అక్షరాలు కనబడుతున్నాయా, రాత్రి నిద్ర పట్టిందా, ఇంట్లో దిగులేమైనా ఉన్నదా అని అడగడానికి కొంత సమయం, కొంత ఓపిక కావాలి. గుర్రం నోరు విప్పి చెప్పలేదు. చాలామంది పిల్లలూ చెప్పరు. కాలు ఎత్తి చూసే ఓర్పు తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఉంటే, సగం కుంటులు మొదటి దినమే తీరుతాయి.