కోరస్‌లో నిలబడలేకపోయాను
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

 

మీరు వింటున్న ఈ మైకు సెట్టు నాదే. బాక్సులు దించుతుంటే మా బ్యాచ్‌వాళ్లు ‘నువ్వూ రెండు ముక్కలు మాట్లాడరా’ అన్నారు. నాకు తెలిసింది పాట ఒక్కటే. కాబట్టి మా కాలపు గాయకులు ఇద్దరి గురించి చెబుతాను.

నేను ఇక్కడ పదో తరగతి పాసైంది 1987లో. అప్పట్లో పాట క్యాసెట్ మీద ఊళ్లు తిరిగేది. కాగితం మీద పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్‌తో కలిపి నరసరావుపేట షాపులో ఇస్తే రెండు రోజులకు రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. ఆ ఏడే మన సత్తెనపల్లిలో పుట్టిన నాగూర్ బాబు గారు ‘మనో’గా తమిళనాడంతా మారుమోగారు. ఆ పేరు పెట్టింది ఇళయరాజా గారు. పాడిన సినిమా ‘ఎంగ ఊరు పాట్టుక్కారన్’. అంటే మా ఊరి పాటగాడు అని! అప్పటికి ఆయనకు 21 ఏళ్లు.

అదే ఏడు ఇంగ్లండులో ఇంకో 21 ఏళ్ల కుర్రాడు పాప్ పాటతో లోకాన్ని ఊపేశాడు. పేరు రిక్ ఆస్ట్లీ. మన పిల్లలు ఏదో లింకు అని చెప్పి, నొక్కగానే పాట వచ్చేలా ఫోన్లలో ఒకరినొకరు బోల్తా కొట్టిస్తారే, అది ఈయన పాటే. ఈయనదీ చిన్న ఊరే.

మేమంతా వీళ్లు రాత్రికి రాత్రి వెలిగిపోయారనుకున్నాం. కాదు. మనో గారు అంతకుముందు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. ఆస్ట్లీ స్టూడియోలో టేపుల పని చేస్తూ, టీలు అందిస్తూ పని నేర్చుకున్నాడు.

ఈ సంగతి నాకు అప్పుడే తెలిసుంటే బాగుండేది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ మీద పాడితే జనం ‘వన్స్ మోర్’ అనేవాళ్లు. ఆ ఊపులో 1989లో మద్రాసు రైలెక్కాను. అక్కడ ఒక పెద్దాయన విని, ‘గొంతు బాగుంది బాబూ, ముందు కోరస్‌లో నిలబడు, తర్వాత చూద్దాం’ అన్నారు. ప్రభ మీద పాడినవాణ్ణి గుంపులో నిలబడాలా అని నాకు పౌరుషం వచ్చింది. మూడు వారాలకే తిరిగొచ్చేశాను. ఊళ్లో మాత్రం ‘అక్కడ మనవాళ్లను రానివ్వరు’ అని చెప్పుకున్నాను. అది అబద్ధం. ముప్పై ఏళ్లకు పైగా దాచిన మాట, ఈ రోజు మా మాస్టార్ల ముందు ఒప్పుకుంటున్నాను. నా గొంతు ఆ మహానుభావుల గొంతంతటిది కాదు, నాకు తెలుసు. కానీ ఎంతటిదో తేలకుండానే వెనక్కి వచ్చేశాను. బాధ అదొక్కటే.

పేరు వచ్చాక కూడా పని ఆగదు. ఆస్ట్లీ 1993లో, 27 ఏళ్లకే పాట మానేశాడు. తర్వాత మళ్లీ మొదలుపెట్టి, 2016లో తన వయసునే పేరుగా పెట్టి ‘50’ అనే ఆల్బమ్ తెస్తే బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. మనో గారు 1992లో ‘సింగారవేలన్’లో కమల్ హాసన్ గారి పక్కన నటించారు. 1994లో ‘ప్రేమికుడు’లో రెహమాన్ గారి ముక్కాలా పాటతో కుర్రకారును గంతులేయించారు. ‘ముత్తు’, ‘నరసింహ’ చిత్రాల్లో రజనీకాంత్ గారికి తెలుగు గొంతయ్యారు. టీవీ పోటీల్లో జడ్జిగా కూర్చున్నారు. ఒకే గొంతు, ఎన్ని పనులు చేసిందో చూడండి.

ఇందాక ప్రార్థన పాడిన పాపకు అందరం చప్పట్లు కొట్టాం. సంతోషం. అయితే చప్పట్లతో గొంతు పెరగదమ్మా. నన్ను చెడగొట్టింది చప్పట్లే. సాధన చెయ్యాలి. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడాలి.

నా వంతుగా ఒక మాట ఇస్తున్నాను. ప్రతి ఆదివారం ఉదయం మన బడి పిల్లల కోసం నా షాపు తెరిచి ఉంటుంది. మైకు, కీబోర్డు, రికార్డింగు ఉచితం. వాళ్ల పాట వాళ్లే విని తప్పులు దిద్దుకుంటారు. సంగీతం నేర్పే మాస్టారిని మాత్రం మన సంఘం చూడాలి.

రండి పిల్లలూ. మొదట అందరూ కోరస్సే. ఈసారి నేనూ మీతోపాటు అందులో నిలబడతాను.

సెలవు.