క్షేత్రయ్య విడిచిన చరణము



రాజాశ్రయము కవిగాయకులకు కల్పవృక్షమే. కాని ఆ వృక్షచ్ఛాయ చిన్నది, చేరువారు పెక్కుమంది. కొత్తవాడు వచ్చినచో పాతవారు ఒదిగి చోటీయవలెను. అసూయ పుట్టు తావు అదియే. తంజావూరు కొలువున జరిగినదని చెప్పు క్షేత్రయ్య కథ ఇందులకు తార్కాణము.

కృష్ణా మండలమున కూచిపూడికి చేరువనున్న మొవ్వ గ్రామము క్షేత్రయ్య జన్మస్థానమని ప్రసిద్ధి. 17వ శతాబ్దికి చెందిన ఈ పదకర్త మువ్వగోపాలుని పేర ముద్ర వేసికొని, క్షేత్రములు సేవించుచు తంజావూరు చేరెను. 1633 మొదలు 1673 వఱకు అచట ఏలిన విజయరాఘవ నాయకుడు తానును తెలుగు కవియే. విదుషీమణి రంగాజమ్మయు, రాజగోపాలవిలాసకర్త చెంగల్వ కాళకవియు ఆ ప్రభువు ఆశ్రితులు. అట్టి కొలువున పరదేశి పదకర్తకు రాజు పెద్దపీట వేయగా కొందఱికి కన్ను కుట్టినదట. ప్రభువు పక్షపాతము చూపుచున్నాడని వారు గొణిగిరట.

క్షేత్రయ్య వాదమునకు దిగలేదు. కాంభోజి రాగమున ఒక పదము రచించి, తుదిభాగము విడిచిపెట్టి, దానిని పూరింపుడని సభవారి కప్పగించి యాత్రకు పోయెను. మరలి వచ్చునప్పటికి ఆ చోటు శూన్యముగనే యుండెను. పండితులు ఓటమి నొప్పుకొనిరి. పదకర్త తన పదమును తానే ముగించెను.

పండితులకు పాండిత్యము కొఱవడినదా? కాదు. యతిప్రాసలు నేర్చినవాడు పద్యమును పూరింపగలడు. పదమన్ననో ఒక నాయిక, ఒకానొక వేళ, ఒక మనఃస్థితిలో పలుకు పలుకు. విలంబకాలమున పాడునప్పుడు ప్రతి మాటయు రాగభారమును మోయవలెను. ఆ నాయిక హృదయము నెఱుగక చరణము వ్రాసినచో అది అతుకుగానే కనబడును.

ఇది పరంపరగా వచ్చిన కథయే కాని శాసనప్రమాణము కాదు. కాని మేరువపదమున ఒక లెక్క కలదు. మధుర తిరుమల నాయకుని యొద్ద 2,000, తంజావూరున 1,000, గోలకొండలో 1,500 పదములు. జమ 4,500. నేటి నిల్వ కొన్ని వందలు మాత్రమే. తక్కినవి ఏమాయెను?

ఆ నష్టము అసూయాపరుల పని కాదు. వారు గొణుగుటతో సరి. వ్రాసి యుంచకపోవుట, వ్రాసినదానిని చెదలకు విడుచుట, ఈ రెండే అంతటి నిధిని హరించినవి. 1673లో మధుర సేనలతో పోరి విజయరాఘవుడు మడిసెను. ఆ కొలువే చెదరిపోయెను. పదములను బ్రతికించినది రాజులు కారు. లోకము చిన్నచూపు చూచిన దేవదాసీ కుటుంబములవారు. అరవ దేశమున వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918–1984) ఈ తెలుగు పదములను ప్రాణప్రదముగా కాపాడిరి.

పాతిక సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమునకు ఇందలి హితవు స్పష్టము. మన యిండ్ల అటకలపై తాటాకు కట్టలు కలవు. వృద్ధ స్త్రీల నోట మేలుకొలుపులు, లాలిపాటలు కలవు. చందాదారులు తలకొక పాట వ్రాసి తెచ్చినను, ఒక కట్టను దులిపి తెచ్చినను ఈ బీరువాలు ధన్యములగును. ఒకరి పాటను చూచి అసూయపడినను పడుడు. దానిని మాత్రము పోనీయకుడు.