గట్టు మీద నడక
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. నేను డాక్టర్ని కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి 2008లో రిటైరైనవాణ్ణి. అయినా నన్నే ఎందుకడిగారో ఊహించగలను. రోజూ తెల్లవారుజామున రాజమండ్రి గోదావరి గట్టు మీద కనిపిస్తుంటాను గదా! ఎందుకు నడుస్తున్నానో మాత్రం ఎవరూ అడగలేదు. ఈవేళ చెబుతాను.

మా పెద్దబ్బాయి 2019 ఆగస్టులో పోయాడు. గుండెపోటు. వాడికి 41 ఏళ్లు. మీలో చాలామంది వచ్చి మా అరుగు మీద కూర్చుని వెళ్లారు. ఆ ఋణం తీరేది కాదు. కొడుకు చేతిమీదుగా వెళ్లిపోవాలనుకునే వయసులో, వాణ్ణి సాగనంపి నేను ఇంటికి తిరిగొచ్చాను.

తర్వాత నాలుగైదు నెలలు వాలుకుర్చీ వదల్లేదు. కళ్లు మూసినా తెరిచినా ఒకటే కనిపించేది: ఆసుపత్రి వరండా, ఇనుప బెంచీ, గోడ గడియారంలో మూడుంపావు. వాడి బాల్యం, చదువు, పెళ్లి, ఏవీ గుర్తుకొచ్చేవి కావు. నలభై ఒక్క ఏళ్ల బిడ్డ నా మనసులో ఆ ఒక్క రాత్రిగా మిగిలిపోతాడేమోనని భయం వేసింది.

కొందరు "మర్చిపోండి" అన్నారు. మంచికే అన్నారు. కానీ నేను రికార్డు రూము చూసినవాణ్ణి. ఎల్.డిస్. కాగితాన్ని ఏడాది దాటితే తీసేస్తాం, ఆర్.డిస్. శాశ్వతంగా అట్టేపెడతాం. ఇది ఏ కట్టలో పెట్టాలో నాకొకరు చెప్పాలా?

నడక మొదలుపెట్టింది షుగరు పెరిగి డాక్టరుగారు కోప్పడితే, 2020 జనవరిలో. తల వంచుకుని పోయి వచ్చేవాణ్ణి. పది రోజులైందేమో, ఒకనాడు తలెత్తితే పాత హేవలాక్ వంతెన కనిపించింది. 1900లో కట్టింది, 1997 నుంచి రైళ్లు లేవు. దానికి 56 కానాలు. మావాడికి ఆరేళ్లప్పుడు ఆదివారం సాయంత్రాలు భుజాన ఎక్కించుకుని అవి లెక్కపెట్టించేవాణ్ణి. ముప్పై దాటాక తప్పేవాడు, మళ్లీ మొదటికి. ఒకరోజు ఠక్కున "యాభై ఆరు" అన్నాడు. ఎలా లెక్కపెట్టావురా అంటే, "లెక్కపెట్టలేదు, బడిలో మాస్టారు చెప్పారు" అన్నాడు. గట్టు మీద ఒక్కణ్ణే నవ్వాను. వాడు పోయాక అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత రోజుకొకటి వచ్చేది. 1991 పుష్కరాల్లో పదమూడేళ్లవాడు యాత్రికులకి మంచినీళ్లిస్తూ గొంతు పోగొట్టుకున్నది, తొలి జీతంతో వాళ్లమ్మకి ప్రెషర్ కుక్కరు తెచ్చింది. వాలుకుర్చీలో రానివి కాళ్లు కదిలితే వచ్చాయి. ఆ రాత్రి కూడా వస్తుంది. వచ్చి, మిగతావాటితో పాటు దాటిపోతుంది.

"కొడుకు పోయిన ఏడాదిలో షికార్లేమిటి?" అని దగ్గరి చుట్టమొకరు అన్నారు. నేను పట్టించుకోలేదు గాని, మా ఆవిడ బాధపడింది, నలుగురిలోకి రానంది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నేను డాబా మీద తిరగడం మొదలుపెడితే మూడోరోజుకి ఆవిడా పైకి వచ్చింది. మాటల్లేకుండా నెలరోజులు నడిచాం. తర్వాత ఆ కుక్కరు సంగతి ఆవిడే ఎత్తింది.

ఇక ఆరోగ్యం మాట. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు చురుగ్గా నడవాలని, దాంతోపాటు వారానికి మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. నేను గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడతాను, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటాను. షుగరు మాత్రలు వేసుకునేవారు జేబులో రెండు బిస్కట్లు ఉంచుకోండి. ఛాతీలో పట్టేసినట్లుంటే అక్కడే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొహమాటం వద్దు.

ఒక్క మనవి చేసుకుని ముగిస్తాను. నేను వస్తే మీరు పిల్లల కబుర్లు ఆపి డి.ఏ. బకాయిల్లోకి దిగుతున్నారు. నన్ను నొప్పించకూడదనే గదా! కానీ మావాడి పేరు మీకందరికీ తెలుసు. నా ముందు ఆ పేరు పలకండి. మొన్న గట్టు మీద ఒక రిటైర్డు మాస్టారు ఆపి ఒక సంగతి చెప్పారు. తొమ్మిదో తరగతి పరీక్షలో పక్కవాడి పెన్ను పాడైతే మావాడు తన పెన్ను ఇచ్చేసి, తను పెన్సిలుతో రాశాడట. ఇంటికొచ్చి పెన్ను పోయిందని చెప్పి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నాడు. మాకు తెలిసింది ఆ తిట్లవరకే. ఇంటికెళ్లి ఆవిడకి చెబితే, రెండుసార్లు చెప్పించుకుంది.

అలాంటివి మీ దగ్గర ఇంకేమైనా ఉంటే చెప్పండి. పొద్దున్న ఐదున్నరకి పుష్కరాల రేవు దగ్గర ఉంటాం, ఇద్దరమూ. సెలవు.