జైలు గేటు దాటాక



జైల్లో ఉన్నవారిని దర్శించమని మన ప్రభువు చెప్పాడు. ఈ పూట మనం విడుదలైన మరుసటి రోజు గురించి మాట్లాడుకుందాం.

2001 ఫిబ్రవరి 28న కోలార్ బంగారు గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి మారికుప్పం, ఛాంపియన్ రీఫ్స్, రాబర్ట్‌సన్‌పేట కుటుంబాల నుంచి ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఏ కేసూ లేనివారి బతుకే ఇలా ఉంటే, పోలీసు వెరిఫికేషన్ అడిగే చోట జైలు నుంచి వచ్చినవాడికి పని ఎవరిస్తారు?

ఇంకో మాట. 2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే వారి నేరం ఇంకా రుజువు కాలేదు. రేపు కేసు కొట్టేసినా ఊరు వేసిన ముద్ర చెరిగిపోదు.

చట్టం మన చేతిలో లేకపోలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన షరతుపై విడిచిపెట్టినవారికి, ఆ శిక్ష వల్ల చట్టరీత్యా వచ్చే అనర్హత వర్తించదని 12వ సెక్షన్ చెబుతుంది. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లో విడుదల తర్వాతి సంరక్షణకు ఒక అధ్యాయమే ఉంది. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. అయితే జైళ్లు రాష్ట్రాల పరిధిలోనివి. కాగితం మీది మాట జిల్లాకు చేరాలంటే అడిగేవాళ్లుండాలి.

మనం అడగవలసినవి ఇవి. విడుదలకు ముందే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా సిద్ధం చేయాలి. ఇల్లు లేనివారికి కొన్నాళ్లు తల దాచుకునే చోటు చూపాలి. లోపల నేర్చిన పనికి బయట రుణం ఇప్పించాలి. నిర్దోషిగా తేలినవారిని వెరిఫికేషన్‌లో నేరస్థులతో కలిపి చూడకూడదు.

ప్రభుత్వాన్ని అడిగే సంఘం తన తలుపు కూడా తెరవాలి. పౌలు ఖైదులో ఉండి ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు. ఒనేసిమును సహోదరునిగా చేర్చుకోమన్నాడు. అతడు బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. అది ఉత్త సిఫారసు కాదు, పూచీ.

యువకులారా, మీలో లా చదివేవారు జిల్లా న్యాయసేవల ప్రాధికారానికి వెళ్లండి. దుకాణాలు, వర్క్‌షాపులు ఉన్న పెద్దలారా, ఒక్కొక్కరు ఒక్కరికి పని ఇవ్వండి. ఆ ఒక్కరి పేరు వచ్చే ఆదివారం లోపు తెలుసుకుందాం.