చిన్న సదస్సుల ప్రయోజనము

నర్సీపట్నము వంటి పట్టణమున అర్థశాస్త్రము బోధించువారికి ఒక్కొక్కప్పుడు ఆహ్వానపత్రము వచ్చును. ఏదో నగరమున ముప్పది నలుబదిమంది కూడి, స్వేచ్ఛావిపణిని గూర్చి రెండు దినములు చర్చింతురట! ప్రయాణపు ఖర్చు, సెలవు, శ్రమ, ఇన్నియు భరించి పోవుటవలన లాభమేమి? పుస్తకములు ఇంటనే చదువుకొనవచ్చును గదా! ఈ సందేహము న్యాయమైనదే. దానిని కొంచెము విచారింతము.

రేడియో పనిమీద పెక్కు సభలు విన్నవారము మేము. పెద్ద సభలో అధ్యక్షుడు గడియారము చూచుచుండును. ప్రశ్నలకు వేళ మిగులదు. ముప్పదిమంది కూడిన చోట ప్రతివానికి వంతు వచ్చును. వ్యాసము చదివిన పండితుడు భోజనపంక్తిలో మన ప్రక్కనే కూర్చుండును, తప్పించుకొనలేడు.

1947 ఏప్రిల్‌లో స్విట్జర్లాండునందలి మాంట్ పెలెరిన్ అను చోట, హయెక్ పండితుని పిలుపుపై 39 మంది సమావేశమైరి. పది దినములు సభ జరిగెను. వచ్చినవారిలో పెక్కుమంది స్వేచ్ఛావిపణికి అనుకూలురే. అయినను ఆదాయ పంపిణీని గూర్చి చర్చ సాగుచుండగా మీసెస్ పండితుడు కోపించి, మీరందరును సోషలిస్టులేయని లేచిపోయెనని, ఆ సభలోనే యున్న మిల్టన్ ఫ్రీడ్‌మన్ తరువాత చెప్పెను. పుస్తకములో రచయిత అడ్డుప్రశ్నను తనకు వీలైనట్లు తానే వేసికొనును. చిన్న సభలో దానిని ఎదుటివాడు వేయును.

పండితులే కూడవలెనను నియమము లేదు. 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షులైన ఆచార్య రంగాగారు, అంతకు ఎంతో ముందు, 1930లలోనే, నిడుబ్రోలులో రైతులకై విద్యాలయము నడిపిరి.

నర్సీపట్నమువారు సభకు కొనిపోదగిన ప్రశ్న యొకటి కలదు. ఇచటినుండి చింతపల్లి దారిలో కొండ యెక్కినచో గిరిజనుల సంతలు. చింతపండు, అడ్డాకులు, తేనె తెచ్చిన గిరిజనుడు పూర్వము షావుకారునకు అప్పుపడి, అతడు చెప్పిన ధరకే ఇచ్చి పోయెడివాడు. ఆ బాధ తీర్చుటకే, నేడు గిరిజన సహకార సంస్థ యనబడునది 1956లో విశాఖపట్నమున వెలసెను. 1979లో అటవీ ఫలసాయమును కొను గుత్తహక్కు దానికి చట్టరీత్యా లభించెను. షావుకారు బారినుండి అది రక్షయే. కాని కొనువాడు ఒక్కడే యైనచో ధర సరియైనదని తేల్చుట యెట్లు? 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఆ ఫలసాయముపై గిరిజనుల స్వామ్యమును గుర్తించెను. స్వామ్యము కలవాడు ఎక్కువ ధర ఇచ్చువానికి అమ్ముకొననిండని స్వేచ్ఛావిపణివాదులందురు. అప్పులో నున్నవానికి ఇష్టమెక్కడిదని ఎదుటివారడుగుదురు. ఈ రెండు మాటలును ఒకే బల్లచుట్టు వినబడవలెను. సంతను కన్నులార చూచినవాడు ఆ బల్లచెంత లేనిచో, ధరను గూర్చిన చర్చ నల్లబల్లమీది గీతలతోనే ముగియును.

కావున పోదలచినవారు తాము చూచిన సంగతి నొకదానిని, దానినుండి పుట్టిన ప్రశ్న నొకదానిని వెంట కొనిపోవలెను. తిరిగివచ్చిన పిమ్మట గ్రంథాలయమున పదిమందిని చేర్చి, విన్న ఉభయపక్షములను చెప్పవలెను. తమ పక్షమును విడిచి రానక్కరలేదు. ఎదుటివాని ప్రశ్నకు తమయొద్ద ఇంకను జవాబు లేదని తెలిసికొని వచ్చినను, ప్రయాణపు ఖర్చు గిట్టినట్లే.